గోవు, గొడ్డు

విశాఖపట్టణమునుండి విజయనగరమునకు బోవు బాటలో తగరపువలసయొద్ద గోస్తనీనది కనబడును. అనంతగిరి కొండలలో బుట్టి, బొర్రాగుహలగుండ బ్రవహించి, తాటిపూడి జలాశయమును నింపి, తగరపువలస ప్రక్కగా సాగి, భీమునిపట్టణమువద్ద సముద్రమున గలియు నీ యేటి పేరునకు ఆవుపొదుగని యర్థము. బొర్రాగుహలో శివలింగముపైని పొదుగు నాకారమున వ్రేలాడు రాతినుండి నీరు బొట్లుబొట్లుగా రాలుచుండును. ఆ పొదుగే నదికి జన్మస్థానమని జనులు నమ్ముదురు. పొలమునకు నీరిచ్చు నదిని పాలిచ్చు తల్లిగా దలచిన పూర్వుల హృదయము మెచ్చదగినది.

సంస్కృతమున గోశబ్దమునకు బశువొక్కటియే యర్థము కాదు. వాక్కు, భూమి, కిరణము, నేత్రము, జలము, స్వర్గము మున్నగు ననేకార్థములను అమరసింహుడు చెప్పియున్నాడు. దాని సంతతియు గొప్పది. ఆవులమంద నిలుచు చోటు గోష్ఠము. పండితులు గూడు గోష్ఠి దానినుండియే పుట్టినది. గవేషణమనగా మొదట ఆవులను వెదకుట. నేడు విద్వాంసులు చేయు పరిశోధనము. వేదకాలమున బశువుల దొడ్డియైన గోత్రము పిదప వంశమునకు బేరయ్యెను. ఆవుకన్నును బోలిన కిటికీ గవాక్షము. పశువులే ధనమైన కాలమున మాటలును ఆ ధనముచుట్టు బెరిగినవి.

ఇక తెలుగింట వినబడు మాట గొడ్డు. గొడ్డుగోద యనిన బశుసంపద. విరామములేని పని గొడ్డుచాకిరి. ఏ దినుసును గలుపని వట్టి మిరపపొడి గొడ్డుకారము. ఈనని యావు గొడ్డుటావు. కాపు మానిన చెట్టు గొడ్డుపోయిన చెట్టు. బిడ్డలులేని స్త్రీ గొడ్రాలు. పశువను నర్థమును, ఫలము లేనిదను నర్థమును ఒక్క మాటలో గూడినవి. వ్యుత్పత్తి యేదైనను, వినువారి చెవికి రెండును ఒక్కటే. పండితుడు గోశబ్దమును ఆకాశమున కెత్తగా, సంసారి గొడ్డను మాటను స్త్రీ నెత్తిన బెట్టెను.

ఇది వట్టి మాటల ముచ్చట కాదు. 1897లో నచ్చైన కన్యాశుల్కమునకు గురజాడ అప్పారావుగారు వ్రాసిన యాంగ్లపీఠికను జూడుడు. విజయనగర మహారాజు విశాఖపట్టణము జిల్లాలోని సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టికను వ్రాయించిరి. అవి 1034. వధువులలో 99 మందికి అయిదేండ్లు, 36 మందికి మూడేండ్లు, ఆరుగురికి రెండేండ్లు, ముగ్గురికి ఒక్కయేడు. ఆ యేడాది పసికందుల వెల 350 మొదలు 400 రూపాయలవరకు. తగరపువలస నాడును ఆ జిల్లాలోనిదే. సంతలో గొడ్డును గొనువాడు పండ్లు చూచి వయస్సు గట్టును; ఇచ్చట పండ్లైనను సరిగా రాని బిడ్డలకు బేరము కుదిరినది. తరువాత శుల్కము పోయి కట్నము ప్రబలెను. 1961లో నిషేధశాసనము వచ్చినను బేరము మానలేదు.

ఇంట నడుగిడకమున్ను వెల గట్టినవారే, అడుగిడిన పిమ్మట ఈత నెంచుచున్నారు. రెండుమూడేండ్లు గడచి కడుపు పండకున్న, కోడలు గొడ్రాలగును. సంతానలేమికి గారణము పురుషునియందును ఉండవచ్చునని వైద్యశాస్త్రము చాటుచున్నది. అయినను మగవానిని పరీక్షకు బంపకయే నింద ఆడుదానిపై వేయుదురు. గొడ్రాలను మాటకు జతగా మగవానిని దెప్పు మాట మన యిండ్లలో వినబడదు. సీమంతమునకు ఆమెను బిలువరు. ఎదురు వచ్చిన శకునము తప్పెనందురు. కనుమనాడు కొమ్ములకు బసుపు పూసి పశువును బూజించు నింటనే ఇది జరుగుచున్నది.

ఈ మాటను నిఘంటువులనుండి తుడిచివేయుడని మేము కోరము. పూర్వులెట్లు తలచిరో తెలియుటకు అది యచట నుండవలసినదే. మన నోటనుండి మాత్రము తొలగవలయును. పిల్లలు దానిని నేర్చుకొనునది బడిలో గాదు, వంటయింటిలో. కావున గృహిణులకు మా మనవి యిది: మీ యింట సీమంతము జరుగునాడు, వీధిలో సంతానములేని యిల్లాలి గడప తొక్కి, బొట్టుపెట్టి, పేరున బిలిచి తోడ్కొనిరండు.