ఆగిన పనికి కొలత

గడప దాటగానే అరికాలికి ఇసక తగులుతుంది. కెలమంగలంలో, రాయకోట దారివైపు, ఒక పాత పెంకుటింటి వెనక కట్టిన గదుల్లో నిలబడి ఉన్నారు మీరు. ఎడమ పక్క వంటిల్లు. మూడు గోడలకి పూత అయింది, నాలుగో గోడకి ఇటుకలు బయటే ఉన్నాయి. దాన్ని ఆనుకుని బాత్రూము. రెండు గోడలకి టైల్స్ అతికించారు, తక్కిన రెండూ ఒట్టి సిమెంటు. నేలకి టైల్స్ వేయకుండా వదిలేశారు. కమోడు కూర్చోవాల్సిన చోట గొట్టం నోట్లో గోనెగుడ్డ కుక్కి ఉంది. తలుపు లేదు, దుప్పటి కట్టారు.

ఆ దుప్పటి పక్కకి లాగి చూపిస్తున్నది ఈ ఇంటి అక్క. పక్క గదిలో మంచం మీద వాళ్ళమ్మ. ఆమెకి మోకాళ్ళు వంగవు. ఈ పని తలపెట్టిందే ఆమె కోసం. ఇప్పుడు రాత్రిపూట లేస్తే చెయ్యి పట్టుకుని పక్కింటికి నడిపించుకుపోవాలి. పక్కింటివాళ్ళు మంచివాళ్ళే, కాదనరు. అయినా అర్ధరాత్రి వాళ్ళ తలుపు తట్టాల్సిన ప్రతిసారీ ఆ ముసలామె కుంగిపోతుంది. పని ఆగిందని మనం తేలిగ్గా అనేస్తాం గాని, అది ఆగిన ఇంట్లో మనుషులు పడే బాధ ఇలా ఉంటుంది.

అక్క చేతిలో స్కూలు నోటుబుక్కు ఉంది. మొత్తం పని సామానుతో సహా మేస్త్రీతో 1,40,000 రూపాయలకి మాట్లాడుకున్నారు. ఇచ్చింది 1,15,000. టైల్స్ కొనాలని ఒకసారి, కూలీలకని ఒకసారి, పండగని ఒకసారి. అంతా ఫోన్లోనే పంపింది కాబట్టి తారీఖులతో సహా లెక్క ఉంది.

“పోదాం రండి, ఈ పొద్దు ఆయప్పను చూసేదే” అంటుంది.

మేస్త్రీ ఊరిబయట ఒక హాస్టలు కట్టడం మీద ఉన్నాడు. డెంకణికోట తాలూకా తింజేపల్లి దగ్గర టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారం వచ్చాక, అందులో పనిచేసే వేలమందికి, ఎక్కువగా ఆడపిల్లలకి, ఉండే చోటు కావాల్సి వచ్చింది. హోసూరు వైపు సరేసరి. పెద్ద కట్టడం దొరికితే మేస్త్రీకి నెలల తరబడి పని. బాత్రూము పని రెండు వారాల్లో అయిపోతుంది. చిన్న ఇళ్ళ పనులు మధ్యలో ఆగిపోవడానికి ఇదొక కారణం.

మిక్సరు మోతలో అతనికి మన పిలుపు వినపడదు. చిత్తాళు భుజం తట్టి చూపిస్తే దిగి వస్తాడు. అక్కను చూడగానే తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటాడు.

“ఏమన్నా, ఫోనెత్తేదే లేదు?”

“లేదక్కా, ఈడ స్లాబు పడేది వుండాది. ఇదైపోతే మీ పనికే వస్తాను.”

“ఇదే మాట ఎన్నాళ్ళ నుంచి చెప్తుండావు? మాయమ్మ రాత్రిపూట పరాయి ఇంటికి పోతుండాది అన్నా.”

అతను తల దించుకుంటాడు. కాసేపటికి అసలు సంగతి బయటికొస్తుంది. “మీ దుడ్డులో కొంచెం అంతకు ముందర ఇంటి కూలీలకు ఇచ్చేసినాను అక్కా. ఆ ఇంటి ఆయప్ప నాకు ఎగ్గొట్టినాడు. కూలీలు ఊరుకోరు కదా.”

జబ్బు ఇక్కడే ఉంది. ఒక ఇంటి అడ్వాన్సుతో ఇంకో ఇంటి బాకీ తీరుతుంది. ఆ బాకీ తీర్చడానికి మూడో ఇంట్లో అడ్వాన్సు తీసుకోవాలి. మేస్త్రీ దొంగ కానక్కర్లేదు, ఆ వరసలో చివర ఉన్న ఇల్లు మాత్రం తప్పకుండా మునుగుతుంది. చేసిన పనికన్నా ఇచ్చిన డబ్బు ఎక్కువైన రోజే ఆ ఇంటికి మేస్త్రీ మీద పట్టు పోయింది.

అక్క గొంతు పెంచదు. “పొద్దున రా అన్నా. ఇంకో మేస్త్రీని కూడా పిలుస్తాను. ఎంత చేసినావో ముగ్గురమూ కొలుద్దాము. ఎంతైతే అంత.” కొలత అన్నాక అతను కాదనలేడు. చేసిన పనికి విలువ కడతానంటోంది కదా.

పొద్దున్నే బాత్రూములో నలుగురం ఇరుక్కుని నిలబడతాం. గది 7 అడుగులకు 5. టేపు ఒక కొస అతని చేతిలో, ఇంకో కొస కొత్త మేస్త్రీ చేతిలో. టైల్స్ వేసిన గోడలు రెండు, 7 అడుగుల ఎత్తు: 84 చదరపు అడుగులు. నోటుబుక్కులో పడింది. కొత్త మేస్త్రీ టైల్స్ మీద వేలి కణుపుతో కొడతాడు. రెండు చోట్ల బోలు శబ్దం. “ఇవి ఊడతాయి” అంటాడు. పాతాయన ఒప్పుకుంటాడు, ఆ రెండూ లెక్కలోంచి తీసేస్తారు. మూలనున్న సిమెంటు సంచి విప్పితే వేళ్ళతో నలిపినా చితకని ఉండలు. అదీ పోయింది. నేల వాలు నీరు పోయే కన్నం వైపే ఉందా, గోడలో పూడ్చిన గొట్టాలు కారుతున్నాయా, నేలకి టైల్స్ వేయకముందే కన్నం మూసి ఒక రోజు నీళ్ళు నిలబెట్టి చూశారా? నీళ్ళు నిలబెట్టలేదు. ఇక ముందు చేయాల్సిన పనుల్లో మొదటిది అదే అని రాసుకుంటారు.

పాతాయన 85,000 పని అయిందంటాడు, కొత్తాయన 72,000 అంటాడు. ఒక్కో గోడ దగ్గర మళ్ళీ నిలబడి మాట్లాడుకుంటే 76,000 దగ్గర తెగుతుంది. అంటే అక్కకు రావాల్సింది 39,000. తక్కిన పనికి కొత్తాయన 75,000 అడుగుతున్నాడు, పాత లెక్కన అది 64,000. ఆ పైబడిన 11,000 కూడా పాతాయన్ని అడిగే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను ఆమెకిస్తుంది. ఆమె దాన్ని వదులుకుంటుంది. 15,000 అక్కడికక్కడే ఫోన్లో వస్తుంది, 24,000 రెండు వాయిదాల్లో ఇస్తానని రాసిస్తాడు. చీటీ తమిళంలో రాస్తారు, ఎందుకంటే అతను చదవగలిగేది అదే. సంతకాలు, తారీఖు, ఫొటో.

ఇంత సజావుగా అన్ని ఇళ్ళలో జరగదు. మేస్త్రీ రాకపోతే? ఫోన్ నంబరు మార్చేస్తే? అప్పుడు కూడా కొలవడం ఆపకండి. ఇంకొక మేస్త్రీ చేత కొలిపించి రాయించండి, ప్రతి మూలా ఫొటో తీయండి. ఆ తరవాతే కొత్త పని మొదలుపెట్టండి, లేకపోతే పాత పని ఎంతో చూపించడానికి ఏమీ మిగలదు. ఫలానా తేదీలోగా పని ముగించు, లేదా డబ్బు వెనక్కివ్వు అని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పోలీసు స్టేషనుకి పోతే పిలిచి మాట్లాడవచ్చు గాని, మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపిస్తే తప్ప ఇది నేరం కింద నిలవదు.

నిలిచే చోటు జిల్లా వినియోగదారుల కమిషన్. ఇల్లు కట్టడం కూడా సేవే అని సుప్రీంకోర్టు 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో తేల్చింది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. దినకూలికి పెట్టుకుని మీరే దగ్గరుండి చేయించుకున్న పనికి ఈ దారి కష్టం. ఇంత పనికి ఇంత అని మాట్లాడుకున్న దానికి చెల్లుతుంది. ముందుగా 1915కి ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

మీ ఇంట్లో కూడా ఇలా గోడలు సగంలో నిలిచిపోయి ఉంటే, ఈ ఆదివారమే టేపు పట్టుకోండి. కమిషన్‌కు పోవడానికి గడువు రెండేళ్ళే, దాన్ని మేస్త్రీ పని ఆపేసిన రోజు నుంచి లెక్కపెట్టుకోండి.