గడ్డి పరుచుకున్న దర్బారు

రండర్రా, మంటకి దగ్గరగా జరగండి. బుజ్జీ, ఆ పిడకల దండ ఇంకోటి వెయ్యి. పారిస్ పక్కన రాజుల ఊరేదంటే అందరూ వెర్సాయ్ పేరే చెప్తారు. పద్నాలుగో లూయీ రాజు అక్కడికి కాపురం మార్చింది 1682లో. అంతకు ముందు అయిదొందల ఏళ్ళకి పైగా రాజులు వచ్చిపోతూ ఉన్న ఊరు వేరే ఉంది, సాన్‌జెర్మాన్ ఆన్ లే. సెన్ నది పైన గట్టు మీద ఊరు. యానాం నుంచి వెళ్ళి నేను ఇరవై ఏళ్ళు అద్దెకున్నది అక్కడే.

పద్నాలుగో లూయీ పుట్టింది ఆ ఊళ్ళోనే, 1638 సెప్టెంబరు 5న. అయిదేళ్ళు నిండకుండానే తండ్రి పోయాడు, అదీ ఆ ఊళ్ళోనే. పిల్లాడికి పదేళ్ళొచ్చేసరికి పారిస్‌లో తిరుగుబాటు లేచింది. 1649 జనవరి, ఇదిగో ఇలాంటి చలికాలమే. అయిదో తేదీ రాత్రి తెల్లారకముందే తల్లి పిల్లాణ్ణి లేపి, బండెక్కించి, సాన్‌జెర్మాన్ తీసుకొచ్చేసింది. తీరా వస్తే కోటంతా బోసిగా ఉంది. ఆ రోజుల్లో రాజు ఏ ఊరెళ్తే మంచాలు, తివాచీలు ఆ ఊరికి బండ్ల మీద వెళ్ళేవి. దొంగచాటుగా వచ్చినవాళ్ళ వెంట సామానెక్కడిది? రాజుకీ తల్లికీ ఏవో చిన్న మంచాలు దొరికాయి. పట్టుబట్టల దొరలూ దొరసానులూ గడ్డి పరుచుకుని పడుకున్నారు. ఊళ్ళో గడ్డికే కరువొచ్చింది. పారిస్ మీద ఆ పిల్లాడి మనసు విరిగింది ఆ రోజుల్లోనే అని నేననుకుంటాను.

పెద్దవాడయ్యాక ఆ ఊళ్ళోనే లెనోత్ర్ అనే తోటల పెద్ద చేత గట్టు అంచున ఓ బాట వేయించాడు. 1669లో మొదలుపెడితే 1673కి తయారైంది. రెండు కిలోమీటర్లకి పైనే ఉంటుంది. తవెర్నియే అనే వర్తకుడు మన కొల్లూరు గనిదని చెప్పే నీలి వజ్రాన్ని ఆయనకి అమ్మింది కూడా ఆ రోజుల్లోనే. కృష్ణ ఒడ్డు రాయి అంత దూరం పోయింది.

రాజు వెర్సాయ్ వెళ్ళాక ఆ కోట, గద్దె పోగొట్టుకుని వచ్చిన ఇంగ్లండు రాజు రెండో జేమ్స్‌కి నీడయింది. 1701లో అక్కడే కన్ను మూశాడు.

ఇంక రైలు సంగతి వినండి. పారిస్ నుంచి 1837లో వేసిన లైను గట్టు కింద లెపెక్ దగ్గర ఆగిపోయింది. ఆనాటి ఇంజన్లు ఆ ఎత్తు ఎక్కలేవు. అప్పుడు పట్టాల మధ్య లావుపాటి గొట్టం వేసి, అందులో రైలుకి తగిలించిన ముషలకం పెట్టారు. గట్టు మీద ఆవిరి యంత్రాలు గొట్టంలో గాలిని పీల్చేస్తే, వెనకనున్న గాలి ఒత్తిడికి రైలు పైకెక్కేది. దిగేటప్పుడు వాలు మీద తన బరువుకి తనే దిగేది. 1847 నుంచి 1860 దాకా అలాగే నడిచింది.

రొట్టెల వీధి అని ఓ వీధుంది. అక్కడ పింగాణీ సామాన్ల కొట్టు నడుపుకునే దంపతులకి 1862లో పుట్టినవాడే సంగీతకారుడు దెబుస్సీ. ఆ ఏడే మూడో నెపోలియన్ కోటని పురావస్తుశాలగా మార్చమన్నాడు. అందులో మామత్ ఏనుగు దంతంతో చెక్కిన ఓ ఆడమనిషి తల ఉంది. ఇరవై వేల ఏళ్ళకి పైబడినది. నా బొటనవేలి కన్నా చిన్నది. ముక్కుంది, కనుబొమలున్నాయి, నోరు లేదు. జుట్టంతా గళ్ళుగళ్ళుగా గీశారు. జడో, ముసుగో ఎవరూ తేల్చలేదు. ఆ ఊళ్ళో రాజుల గదులన్నిటికన్నా నాకు ఆ తలే గొప్ప.

మీలో ఎవరైనా పారిస్ వెళ్తే ఆర్‌ఈఆర్ 'ఏ' లైనులో సాన్‌జెర్మాన్ వెళ్ళే రైలు ఎక్కి చివరి స్టేషన్‌లో దిగండి. మెట్లెక్కి పైకొస్తే ఎదురుగా కోటే. మంగళవారం మాత్రం వెళ్ళకండి, ఆ రోజు మూసేస్తారు.