వెబ్‌సైటు ర్యాంకును చెఱచు దోషములు

గూగుల్, బింగ్ వంటి సెర్చ్ ఇంజనుల ఫలితములలో ఒక వెబ్‌సైటు ముందువరుసన నిలుచుటకై చేయు కృషికి సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్ అనియు, పొట్టిగా ఎస్‌ఈఓ అనియు వ్యవహారము. ఆ కృషియందు అజ్ఞానమువలన గాని అత్యాశవలన గాని దొరలు దోషములు సైటు స్థానమును దిగజార్చుటయే కాక, కొన్నియెడల దానిని ఫలితములనుండియే మాయముచేయును. 1998లో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించినది మొదలు గచ్చిబౌలి, కొండాపూర్‌ల మీదుగా విస్తరించి, 2003లో ఎంఎంటీఎస్ రైళ్లకు చివరి స్టేషనైన లింగంపల్లిని తనలో కలుపుకొన్న హైదరాబాదు ఐటీ ప్రాంతమునందు ఈ విద్య వేలమందికి జీవనోపాధి. ఐనను తెలుగు వెబ్‌సైట్ల చరిత్ర పరిశీలించినచో, వానికి కలిగిన హానిలో హెచ్చుపాలు ఇంజను విధించిన శిక్షవలన కలిగినది కాదనియు, తమ్ము తామే కనబడకుండ చేసికొనుటవలన కలిగినదనియు తేటపడును.

సెర్చ్ ఇంజను పని మూడు దశలలో సాగును. లింకులను పట్టుకొని పుటలను వెదకి తెచ్చుట మొదటిది. తెచ్చిన పుటలోని పాఠ్యమును గ్రహించి సూచికలో చేర్చుకొనుట రెండవది. ప్రశ్న వచ్చినపుడు సూచికలోనివానిని యోగ్యతనుబట్టి వరుసపెట్టుట మూడవది. సైటు యజమానుల చింతయంతయు మూడవదాని చుట్టును తిరుగుచుండగా, నష్టము మాత్రము తఱచుగా మొదటి రెంటియందే జరిగిపోవుచుండును.

ఇందుకు తెలుగు పత్రికల తొలినాటి సైట్ల కంటె గొప్ప నిదర్శనము వేఱొకటి లేదు. తెలుగు లిపికి, సకలలిపులకు ఉమ్మడి సంకేతపద్ధతియైన యూనికోడ్‌లో 0C00 మొదలు 0C7F వఱకు 128 స్థానములు 1991లోనే కేటాయింపబడినను, తదుపరి దశాబ్దమునకు పైగా మన దినపత్రికలు పెక్కు తమ తమ సొంత ఫాంట్లలోనే వార్తలను ప్రకటించినవి. ఈ ఫాంట్లు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు అక్షరఖండముల బొమ్మలను నిలిపినవి. కావున ఆ ఫాంటు ఉన్న పాఠకుని తెరమీద చక్కని తెలుగు కనబడుచుండగా, పుటను చదువవచ్చిన యంత్రమునకు అర్థరహితమైన రోమన్ అక్షరముల కలగాపులగము మాత్రమే చిక్కెడిది. ఒక పత్రిక ఫాంటు వేఱొక పత్రికకు చెల్లదు. పాఠకుల బాధ తీర్చుటకు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో పనిచేయు ‘పద్మ’ అను పొడిగింపు వెలసి, అట్టి పుటలను యూనికోడ్‌లోనికి మార్చి చూపినది గాని, ఆ మార్పు చదువరి కంప్యూటరులో జరుగునదే కాని సైటులో జరుగునది కాదు గనుక సెర్చ్ ఇంజనుకు దానివలన ఒరిగినది శూన్యము. ఏండ్ల తరబడి వ్రాసిన సంపాదకీయములు, సాహిత్యానుబంధములు వెదకువారికి చిక్కక మరుగుపడినవి. 2003 డిసెంబరులో యూనికోడ్‌లోనే మొదలైన తెలుగు వికీపీడియాకు ఈ అవస్థ తప్పినది.

ఆ దోషము నేటికిని రూపుమాసిపోలేదు. యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో పేజీకూర్పు చేసిన పీడీఎఫ్‌లను యథాతథముగా సైటునందుంచు సంస్థలును, ధరల పట్టిక మొదలు చిరునామా వఱకు సమస్తమును ఒక్క పోస్టరు చిత్రముగా అతికించి సరిపెట్టుకొను దుకాణములును నేటికి కలవు. చిత్రములోని అక్షరములను పోల్చుకొను శక్తి యంత్రములకు కొంత అలవడినమాట నిజమే. ఐనను ఆ శక్తిపై ఆధారపడి పాఠ్యము లేని పుటను నిలుపుట సాహసమే యగును.

కనబడకుండ చేసికొనుటలో సాఫ్ట్‌వేరు నిపుణులదొక ప్రత్యేకమార్గము. నిర్మాణదశలోనున్న సైటు బయటివారి కంటబడకుండ పుటను సూచికలో చేర్చవలదను ‘నోఇండెక్స్’ ఆదేశమునో, యంత్రములు ఏ పుటలను తెఱువరాదో తెలుపు రోబోట్స్ ఫైలులో సర్వనిషేధమునో ఉంచుట సబబే. ప్రారంభదినమున దానిని తొలగించుట మఱచి, గుమ్మమునకు తాళము బిగించుకొని చుట్టములు రాలేదని వగచువానివలె నెలల తరబడి కారణము వెదకుచుండుట పరిపాటి. వర్డ్‌ప్రెస్‌లో ఇట్టి నిషేధమునకు ఒక్క చిన్న గడిలో టిక్కు పెట్టిన చాలును. ఈ రెండు ఆదేశములను ఒకే పుటకు కలిపి ప్రయోగించుట మఱియొక భ్రాంతి: రోబోట్స్ ఫైలు అడ్డగించిన పుటను ఇంజను తెఱువనే తెఱువదు గనుక అందలి నోఇండెక్స్ దానికి కనబడదు, ఇతర సైట్ల లింకులవలన ఆ చిరునామా వివరణ లేకయే ఫలితములలో తేలవచ్చును.

సైటును క్రొత్తగా తీర్చిదిద్దునపుడు పాత చిరునామాలనుండి క్రొత్తవానికి 301 అను శాశ్వత మళ్లింపులు ఏర్పఱుపకుండుట అంతకంటె ఘోరము. పాత పుటలకు ఏండ్లుగా వచ్చి చేరిన లింకుల బలమంతయు దీనితో నశించును. అన్నిటిని ముఖపుటకే మళ్లించినచో గూగుల్ వానిని ‘సాఫ్ట్ 404’లుగా, అనగా లేని పుటలుగా ఎంచి లెక్కలోనికి తీసికొనకపోవచ్చును. ఐటీ ప్రాంతపు అభిరుచికి తగినట్లు పాఠ్యమంతయు జావాస్క్రిప్టు నడచిన పిమ్మటనే పుట్టు సైట్లయందును చిక్కు కలదు: గూగుల్ స్క్రిప్టును నడిపి చూచునే గాని, అన్ని యంత్రములకు అంత ఓపిక లేదు, పైగా సరియైన లింకుగా వ్రాయక, కేవలము మీట నొక్కినపుడు కదలునట్లు కూర్చిన మార్గములను యంత్రములు సాధారణముగా అనుసరింపవు.

ఇక అత్యాశవలని దోషములు. ‘లింగంపల్లిలో ఉత్తమ పైథాన్ శిక్షణ’ అని యొక పుట వ్రాసి, అదే పుటలో ఊరిపేరు మాత్రము మార్చి చందానగర్, మియాపూర్, నల్లగండ్ల, కొండాపూర్ అని గుప్పించుట ఈ ప్రాంతపు సైట్లలో విరివిగా కానవచ్చు పద్ధతి. ఇట్టివానిని గూగుల్ ద్వారపుటలుగా పరిగణించి నిషేధించినది. 2006లో బీఎండబ్ల్యూ సంస్థ జర్మనీ సైటంతటిది ఈ నేరమునకే కొన్నాళ్లు ఫలితములనుండి బహిష్కృతమైనది. గూగుల్ మ్యాప్స్‌లో అసలు పేరునకు తోడు సేవల జాబితానంతయు దుకాణము పేరుగా నమోదుచేయుటయు నియమవిరుద్ధమే. స్థానిక వ్యాపారికి వలసినది ఊళ్లపేర్ల దండకము కాదు, నిర్దిష్టమైన చిరునామా. కాచిగూడ, విద్యానగర్‌ల చెంతనున్న బాగ్‌లింగంపల్లికిని, పడమటి కొసనున్న ఈ లింగంపల్లికిని నగరమంత దూరము. శేరిలింగంపల్లి అనియో, పిన్‌కోడుతోనో విస్పష్టముగా తెలుపక ‘లింగంపల్లి, హైదరాబాదు’ అని ఊరకుండువాడు యంత్రమునే కాదు, ఆటోవానిని సైతము దారితప్పించును.

ఒక పుటకు ఎవరెవరు లింకు ఇచ్చిరన్న విషయమునుబట్టి దాని గౌరవమును నిర్ణయించుట 1998లో పుట్టిన గూగుల్‌నకు మూలసూత్రము. లింకులను కొనుట ఆ సూత్రముతోడనే పుట్టిన వ్యాపారము. అమెరికాలోని జేసీ పెన్నీ దుకాణముల సంస్థ 2011లో ఇట్లే పట్టుబడి ఒక్కసారిగా అట్టడుగునకు జాఱినది. 2012 ఏప్రిలులో గూగుల్ వరుసపెట్టు పద్ధతిలో వచ్చిన పెంగ్విన్ మార్పు ఇట్టి సైట్లను దండించినది. 2016నుండి ఆ వ్యవస్థ దండించుటకంటె ఆ లింకులకు విలువ లేకుండ చేయుటకే మొగ్గుచూపుచున్నది. అనగా నేడు లింకులు కొన్నవానికి తఱచుగా దక్కునది ధననష్టము మాత్రమే.

పాఠ్యము విషయమున 2011లోని పాండా మార్పు పలుచని పుటలను అణచగా, 2024 మార్చి నియమములు యంత్రముచేత కుప్పలుగా వ్రాయించిన పుటలను, ప్రసిద్ధ సైటు పేరుచాటున బయటివారి సరకు అమ్ముటను, గడువు తీరిన డొమైనులను కొని దుర్వినియోగము చేయుటను స్పష్టముగా నిషేధించినవి. ఇంటర్ ఫలితములు వెలువడకమునుపే ‘విడుదల ఎప్పుడు’ అను శీర్షికతో పది పేరాలు త్రిప్పి త్రిప్పి వ్రాసి, తేదీ మాత్రము చెప్పని పుటలు తెలుగునాట నెవ్వరెఱుగరు? ఆంగ్లవ్యాసమును యంత్రముచే తెనిగించి ఎవ్వరును సరిచూడక ప్రచురించినదియు ఈ కోవలోనిదే.

వేగము చిన్న విషయమే గాని ఉపేక్షణీయము కాదు: ప్రధానభాగము 2.5 సెకనులలో తెరమీదికి రావలెననియు, మీటకు స్పందన 200 మిల్లీసెకనులు మించరాదనియు గూగుల్ ప్రమాణము. పుట కోడులో పాఠకునికి కనబడకుండ వ్రాయు మెటా కీవర్డులను వెబ్ ఫలితముల ర్యాంకునకు వాడుట లేదని 2009లోనే గూగుల్ ప్రకటించినను, వానిని భక్తితో నింపువారు నేటికిని కలరు. గూగుల్‌లో దానివలన లాభము గాని కీడు గాని లేదు.

దోషము కనిపెట్టుటకు గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ అను ఉచితసాధనమే చాలును. గూగుల్ సిబ్బంది స్వయముగా విధించిన చర్య ఐనచో అందు నోటీసు కనబడును. తప్పు దిద్దుకొని పునఃపరిశీలన కోరవచ్చును. నోటీసు లేకయే ర్యాంకు పడిపోయినచో విన్నపమునకు తావులేదు. సైటును బాగుచేసికొని వేచియుండవలెను. ప్రకటనలకు చెల్లించు సొమ్ము సహజఫలితముల వరుసను మార్చదనియు, మొదటిస్థానమునకు ఎవ్వరును హామీ ఇయ్యజాలరనియు గూగుల్ తానే చెప్పుచున్నది. కావున నెల తిరుగక మునుపే మొదటిస్థానము ఖాయమని ఎవ్వరైన ఒప్పందపత్రముతో వచ్చినచో, పాఠకులు దానిపై సంతకము చేయకుందురుగాక.