సీసపు కొండల మీద పుస్తకాల గది

1803 ఆగస్టులో ఒంటి గుర్రపు బండిలో స్కాట్లండు చూడబోయిన ముగ్గురు ఆంగ్లేయులకు, లోథర్ కొండల నడుమ ఒక నిర్జనమైన దారిలో కొందరు పిల్లలు ఎదురయ్యారు. టోపీల చుట్టూ హనీసకిల్ పూలు అలంకరించుకొని ఉన్నారు. మీదే ఊరని అడిగితే కొండ పైనున్న వాన్లాక్‌హెడ్ వైపు చేయి చూపించారు. అది గనుల ఊరు. బడిలో ఏమి చదువుతారని అడిగితే లాటిన్ అన్నారు, వర్జిల్ అన్నారు, హోమర్ పేరు కూడా చెప్పారు. ప్రయాణికులలో ఒకడు మరికాస్త లోతుగా ప్రశ్నించబోయేసరికి, పరీక్ష పెడతాడేమోనన్న భయంతో కాబోలు, పరుగు లంకించుకున్నారు. అలా ప్రశ్నించినవాడు కోల్‌రిడ్జ్ మహాకవి. తక్కిన ఇద్దరు వర్డ్స్‌వర్త్, అతని చెల్లెలు డొరొతీ. ఈ ముచ్చటను తన యాత్రాకథనంలో భద్రపరచినది ఆమెయే.

ఆ గనుల సీమలోనే మరొక ఊరివాడు వారికి తమ గ్రంథాలయం సంగతి చెప్పాడు. కొద్ది వారాల క్రితమే ముప్పై పౌన్లు పోసి ఒక పుస్తకం తెప్పించుకున్నారట. షేక్స్‌పియర్ కూడా ఉన్నాడా అని వీరు ఆశ్చర్యపోతే, ఉన్నాడని అతడు ఏ ఆర్భాటమూ లేకుండా జవాబిచ్చాడు. నాకు ఈ ఘట్టంలో నచ్చేది కవుల ఆశ్చర్యం కాదు, ఆ గనివాడి నిబ్బరం. దాని వెనుక అప్పటికే అరవై ఏళ్ళ చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర మొదలైనది పక్క ఊరైన లీడ్‌హిల్స్‌లో.

లీడ్‌హిల్స్ అంటేనే సీసపు కొండలు. దక్షిణ లానార్క్‌షైర్‌లో, సముద్రమట్టానికి సుమారు 1,300 అడుగుల ఎత్తున ఉన్న ఊరు. మైలుకు కాస్త పైబడిన దూరంలో, 1,500 అడుగులు దాటిన ఎత్తున ఉన్న వాన్లాక్‌హెడ్ స్కాట్లండులోకెల్లా ఎత్తైన గ్రామం. చుట్టూ బోసి కొండలు, గొర్రెలు, గాలి, దీర్ఘమైన శీతకాలం. మనుషులు వ్యవసాయం కోసం ఎక్కి వచ్చే చోటు కాదు. వచ్చినది నేల లోపలి సిరి కోసం. మొదట వాగుల ఇసుకలో బంగారం దొరికింది. 1540 నాటి ఐదవ జేమ్స్ కిరీటంలో ఈ కొండల బంగారం ఉన్నదని చెబుతారు. ఆ కిరీటాన్ని నేటికీ ఎడింబరో కోటలో చూడవచ్చు. బంగారపు మోజు తీరిన తరువాత నిలిచినది సీసం. ఇళ్ళ కప్పులకు, నీటి గొట్టాలకు, తుపాకి గుండ్లకు, రంగులకు ఐరోపా అంతటా గిరాకీ ఉన్న సరుకు అది. కరిగించి దిమ్మెలుగా పోసిన సీసాన్ని బళ్ళ మీద సుమారు యాభై మైళ్ళ దూరంలోని లీత్ రేవుకు తోలేవారు. తిరుగు ప్రయాణంలో ఓట్ల పిండి వంటి తిండి సరుకులు వచ్చేవి.

గనులున్న భూమి 1638లో జరిగిన ఒక వివాహం ద్వారా హోప్ వంశానికి దక్కింది. తరువాతి కాలంలో హోప్‌టౌన్ ప్రభువులుగా, ఆపైన లిన్‌లిత్‌గో మార్క్విసులుగా పేరుపొందినది ఆ కుటుంబమే. 1942లో క్విట్ ఇండియా ఉద్యమకారులను చెరసాలలకు పంపిన వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఆ ఇంటి బిడ్డ. సీసపు కొండలకూ మనకూ ఇంత దగ్గర చుట్టరికం ఉంటుందని నేను ఊహించలేదు.

ఇక్కడ స్కాట్లండు గనుల చరిత్రలోని ఒక చేదు నిజం చెప్పక తప్పదు. 1606లో ఆ దేశపు పార్లమెంటు చేసిన శాసనం ప్రకారం, బొగ్గుగని కార్మికుడు యజమాని ఇచ్చిన పత్రం లేనిదే మరొక చోట పనిలో చేరరాదు. చేరితే ఏడాది మీద ఒక రోజు గడిచేలోగా యజమాని అతణ్ణి తిరిగి లాక్కుపోవచ్చు. ఆచరణలో ఇది బానిసత్వమే. గని చేతులు మారితే మనిషీ చేతులు మారేవాడు. 1775లో ఒక చట్టం ఈ కట్టును సడలించింది; పూర్తిగా తెగినది 1799లో. సీసం తీసేవారు మాత్రం ఆచరణలో స్వతంత్రులు. అనగా ఒకే దేశంలో, ఒకే కాలంలో, ఒక గనివాడు గనితోబాటు ఆస్తి లెక్కలో చేరిపోతుంటే, మరొక గనివాడు చందా కట్టి పుస్తకాలు కొంటున్నాడు. లీడ్‌హిల్స్ కథను కేవలం 'చదువు మీది మక్కువ' అని చెప్పి ముగించేవారు ఈ తేడాను మరచిపోతారు.

1734లో స్కాట్స్ మైనింగ్ కంపెనీ తన గనుల వ్యవహారం చక్కదిద్దడానికి ఒక గణితవేత్తను పంపింది. అతడు జేమ్స్ స్టిర్లింగ్. గణితం చదివిన వారెవరైనా ఈ పేరు విని ఉంటారు: పెద్ద సంఖ్యల ఫాక్టోరియల్‌ను అంచనా కట్టే స్టిర్లింగ్ సూత్రం ఇతని పేరు మీదనే ఉన్నది. దాన్ని డిగ్రీ తరగతిలో బట్టీ పట్టిన రోజుల్లో, ఆ పెద్దమనిషి జీవితంలో సగభాగం సీసపు గనుల జమాఖర్చులతో గడిచిందని నాకు తెలియదు. 1692లో పుట్టాడు. పదవీచ్యుతులైన స్టూవర్ట్ రాజుల పక్షపాతి కావడంచేత ఆక్స్‌ఫర్డులో విద్యార్థివేతనం పోగొట్టుకొన్నాడు, వెనిస్‌లో కొన్నేళ్ళు గడిపాడు, 1730లో తన ప్రధాన గ్రంథాన్ని ప్రకటించాడు. ఆ తరువాత ఈ కొండలెక్కి, 1770లో మరణించేదాకా ఈ కొలువులోనే ఉన్నాడు.

అతని కాలంలో భూగర్భంలో పని ఆరు గంటల షిఫ్టుగా స్థిరపడింది. ఆనాటికి ఇది వింతే. సొరంగాలలో గాలి ఆడని చోట అంతకుమించి పని చేయించినా ఫలితం రాదన్న లెక్క కూడా ఇందులో ఉండవచ్చు. అది దయాధర్మమని నేను అనను. ఏమైతేనేం, మనిషికి రోజులో కొంత వెలుతురు మిగిలింది. పనివారు ఆ కొండనేలనే తవ్వి, ఎరువు వేసి, కూరగాయలు పండించుకొన్నారు. సొంతంగా ఇళ్ళు కట్టుకొన్నారు. కంపెనీ అభ్యంతరపెట్టలేదు, ఇల్లూ దొడ్డీ ఉన్నవాడు ఊరు విడిచిపోడు గదా!

వారి పని పద్ధతిని 'బేరం' అనేవారు. నాలుగైదుగురు కలిసి ఒక జట్టు కట్టి, ఇంత పొడవు సొరంగం తవ్వితే ఇంత, ఇన్ని టన్నుల సీసానికి ఇంత అని కంపెనీతో ఒప్పందం కుదుర్చుకొనేవారు. ఖనిజపు చార ఎటు పోతున్నదో, రాయి ఎంత గట్టిదో తామే అంచనా వేసుకోవాలి. అంచనా తప్పితే నష్టం తమదే. లెక్క తేలేది ఏడాదికి ఒకసారి. అందాకా కంపెనీ అప్పుగా ఇచ్చే పిండితో ఇల్లు గడవాలి. లెక్క చూసిన నాడు చేతికేమీ రాక, పాత బాకీ మిగిలిన కుటుంబాలు ఎన్నో. చదవడం, రాయడం, లెక్క కట్టడం ఇక్కడ అలంకారం కాదు, బతుకుతెరువు. ఒప్పందంలో ఏమి రాశారో తెలియనివాడు మోసపోతాడు.

ఈ నేపథ్యంలో 1741 నవంబరు 23న ఇరవై ముగ్గురు సమావేశమై లీడ్‌హిల్స్ పఠన సంఘాన్ని స్థాపించారు. ఒకరు బడిపంతులు, ఒకరు చర్చి పాస్టరు, తక్కిన ఇరవై ఒక్కరూ గనివారు. చేరేటప్పుడు ప్రవేశ రుసుము, ఆపైన ఏటా చందా. ఆ డబ్బుతో పుస్తకాలు కొనాలి, అవి సంఘం ఉమ్మడి సొత్తు. పదవులకు మనుషులను సభ్యులే ఎన్నుకొంటారు. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియా గ్రంథాలయాన్ని నెలకొల్పి అప్పటికి పదేళ్ళే. బ్రిటిష్ దీవులలో చందా గ్రంథాలయాలకు ఇదే మొదటిదని చెబుతారు. ఓటుహక్కు అన్నది కలలోనైనా ఎరుగని శ్రామికులు చేతులెత్తి అధ్యక్షుణ్ణి ఎన్నుకొన్న చోటు అది.

ఈ గ్రంథాలయానికి తరువాతి కాలంలో ఆలన్ రామ్సే పేరు అతుక్కుంది. స్కాట్ భాషా కవి రామ్సే 1680లలో ఈ ఊళ్ళోనే పుట్టినమాట నిజం. తండ్రి గనులలోనే ఉద్యోగి. 1720లలో ఎడింబరోలో పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణం తెరచిన మాటా నిజమే. కానీ పఠన సంఘం పుట్టేనాటికి అతడు ఊరు విడిచి నలభై ఏళ్ళు. మరికొందరు ఘనతంతా స్టిర్లింగ్‌కు కట్టబెడతారు. మేనేజరు ప్రోత్సాహం లేకుండా కంపెనీ ఊళ్ళో ఏ సంఘమూ బతకదు, ఒప్పుకొంటాను. అయినా మహాకవో మహాగణితజ్ఞుడో లేనిదే గనివాళ్ళు పుస్తకాలు కొనుక్కోలేరా? చందా కట్టినది ఆ ఇరవై ఒక్కరు. అప్పుల పద్దులో తమ పేరు ఉండగానే కట్టినవారు.

ఏమి చదివారంటే, మొదటి కాలంలో ఎక్కువ భాగం ప్రసంగాలు, మతగ్రంథాలు. తరువాత చరిత్ర, యాత్రాకథనాలు, శాస్త్రం. ఇంకా తరువాత నవలలు. తిరుగుబాటు సాహిత్యమేమీ కాదు. చదువుకొన్న పనివాడు తాగుడుకు దూరంగా, అణకువగా ఉంటాడని యాజమాన్యం లెక్క వేసుకొన్నది. ఇరుపక్షాల లెక్కలూ వేరైనా పుస్తకాలు ఒకటే.

కొండ మీద అన్నీ పూలటోపీలే అనుకోరాదు. సీసం కరిగించే కొలిమిల పొగ ఊరినంతా కమ్మేది. దానివల్ల వచ్చే జబ్బును అక్కడివారు 'మిల్-రీక్' అనేవారు. తెలుగులో కొలిమిపొగ రోగం అనవచ్చు. కడుపులో మెలిపెట్టే నొప్పి, పక్షవాతం, ఒక్కొక్కప్పుడు ఉన్మాదం, చావు. పచ్చిక మీద ఆ పొగ పేరుకొని పశువులు కూడా జబ్బుపడేవి. చిన్న పిల్లలు ముడిఖనిజం కడిగే పనిలో చలినీళ్ళలో నిలబడేవారు. ఊరి శ్మశానంలో జాన్ టేలర్ అనే గనివాడు 137 ఏళ్ళు బతికాడని చెక్కిన రాయి ఒకటి ఉన్నది. సందర్శకులు దాన్ని చూసి అబ్బురపడతారు. ఆ అంకెను నేను నమ్మను. అయితే పొగకు మనుషులు రాలిపోయే ఊరు అటువంటి రాతను ఎందుకు చెక్కించుకొన్నదో మాత్రం అర్థమవుతుంది.

పఠన సంఘం చూసి వాన్లాక్‌హెడ్ వారు 1756లో తమదొకటి పెట్టుకొన్నారు. 1792లో వెస్టర్‌కర్క్‌లో ఆంటిమొనీ గనివారు మరొకటి ప్రారంభించారు. వంతెనలు కట్టి ఖ్యాతిగాంచిన థామస్ టెల్ఫర్డ్ ఆ ప్రాంతపు గొర్రెల కాపరి కొడుకు. తన వీలునామాలో ఆ గ్రంథాలయానికి సొమ్ము రాసి పోయాడు. అక్కడ పుస్తకాల మార్పిడి నెలకొకసారి, పున్నమినాడు జరిగేదట. రైతులు, కాపరులు, కూలీలు మైళ్ళ దూరం నుంచి వచ్చి పుస్తకాలు తీసుకొని వెన్నెల వెలుగులో ఇళ్ళకు చేరేవారు. లీడ్‌హిల్స్ సభ్యులలో విలియం సిమింగ్టన్ ఒకడు. 1764లో ఆ ఊళ్ళో పుట్టిన ఈ యంత్రనిపుణుడు, డొరొతీ బృందం ఆ దారిన వచ్చిన ఏడాదే, షార్లెట్ డండాస్ అనే తన ఆవిరి పడవతో రెండు బరువైన పడవలను కాలువ వెంట గ్లాస్గో దాకా లాగించి చూపాడు.

పందొమ్మిదవ శతాబ్దం చివరి దశకాలలో విదేశాల చవక సీసం వచ్చిపడి ధర కుంగింది. 1901లో రైలు మార్గం లీడ్‌హిల్స్ చేరింది, మరుసటి ఏడు వాన్లాక్‌హెడ్ దాకా పోయింది. 1,498 అడుగుల ఎత్తున, బ్రిటన్‌లో మామూలు వెడల్పు పట్టాల ప్రయాణికుల రైలు అంత ఎత్తుకు మరెక్కడా ఎక్కలేదు. కానీ మోసుకుపోవడానికి సీసం మిగలలేదు. లీడ్‌హిల్స్ గనులు 1920ల చివర మూతపడ్డాయి, వాన్లాక్‌హెడ్‌వి 1934లో. 1938 చివరితో రైలు కూడా ఆగిపోయింది. యువకులు కొండ దిగిపోయారు. 1960ల నాటికి పఠన సంఘం కూడా తలుపులు మూసింది.

1970లలో ఊరివారే పూనుకొని ఆ తలుపులు మళ్ళీ తెరిచారు. నేటికీ స్వచ్ఛందంగా పనిచేసేవారి చేతుల మీదనే నడుస్తున్నది. 1770లో నెలకొల్పిన, షిఫ్టు మారే వేళ మోగించిన గంట కూడా ఊళ్ళో నిలిచి ఉన్నది. గ్రంథాలయపు అరలలో పాత ప్రసంగ సంపుటాలు, చరిత్రలు, యాత్రాకథనాల పక్కనే కంపెనీ వారి బేరాల పుస్తకాలు కూడా చేరాయి. ఏ జట్టు ఏ ఏడు ఎంత సొరంగాన్ని ఎంతకు ఒప్పుకొన్నదీ, వరుసగా పేర్లతో సహా, వాటిలో ఉన్నది.