బ్రిటిష్ పిల్లల హాస్య కామిక్స్: క్రిస్మస్ సంచికలు, వాటి మీద బెంగ

బ్రిటన్‌లో 'కామిక్' అంటే ముందుగా గుర్తొచ్చేది పిల్లలు వారం వారం చిల్లర డబ్బులతో కొనుక్కునే హాస్య బొమ్మల పత్రిక. అల్లరి పిల్లలు, వాళ్లతో వేగలేని నాన్నలు, పంతుళ్లు, మాట్లాడే జంతువులు, ఆకలి తీరని బండమనుషులు దాని పాత్రలు. డిసెంబరు రాగానే ఆ పత్రిక పేరులోని అక్షరాల నెత్తిన మంచు పేరుకునేది, పుటల అంచుల్లో హాలీ ఆకులు, ఎర్రటి కాయలు మొలిచేవి. ఆ క్రిస్మస్ సంచికల మీద, పండక్కి కానుకగా వచ్చే గట్టి అట్టల 'యాన్యువల్' పుస్తకాల మీద అక్కడి పెద్దవాళ్లకు తీరని బెంగ. దీపావళి ప్రత్యేక సంచిక ఎప్పుడొస్తుందా అని వీధి గుమ్మంలో నిలబడి చూసిన తెలుగు పాఠకులకు ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో తెలుసు.

అయితే ఈ బెంగకు ఒక ప్రత్యేకత ఉంది. కామిక్స్‌లో కనిపించిన క్రిస్మస్ చాలావరకు ఆ పిల్లల ఇళ్లలో జరిగిన క్రిస్మస్ కాదు. వాళ్లు చదివేనాటికే అది తాతల కాలం నాటి పండగ.

తొలి రోజులు

విక్టోరియా రాణి కాలంలోనే పత్రికలు క్రిస్మస్‌కు లావుపాటి ప్రత్యేక సంచికలు వేసేవి. చార్లెస్ డికెన్స్ 'ఎ క్రిస్మస్ కరోల్' 1843లో వచ్చింది. మంచు, పొయ్యి వెచ్చదనం, నిండు బల్ల, పిసినారి మనసు మారడం అనే పండగ చిత్రం ఆ కాలంలోనే స్థిరపడింది. 1884లో 'ఆలీ స్లోపర్స్ హాఫ్ హాలిడే', 1890లో ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ అర పెన్నీకే అమ్మిన 'కామిక్ కట్స్' మొదలయ్యాయి. అవి పెద్దవాళ్లు కూడా చదివే చౌక పత్రికలు. చిన్నపిల్లల కోసమే అన్నట్టు 1914లో 'రెయిన్‌బో' రంగుల్లో వచ్చింది, టైగర్ టిమ్ అనే పులిపిల్లను వెంటబెట్టుకుని.

డండీ నగరం

ఈ చరిత్రకు అసలు ఊరు స్కాట్లండ్ తూర్పు తీరంలోని డండీ. అక్కడి డి.సి. థామ్సన్ సంస్థ 1937 డిసెంబరు 4 తేదీతో 'ది డాండీ'ని, 1938 జూలై 30 తేదీతో 'ది బీనో'ను రెండేసి పెన్నీలకు తెచ్చింది. అంతకుముందు కామిక్స్‌లో బొమ్మ కింద పేరాలకు పేరాలు వచనం ఉండేది. ఈ రెండూ మాటలను పాత్రల నోటి దగ్గరి బుడగల్లోకి ఎక్కువగా తెచ్చి, కథను పరుగెత్తించాయి. డాండీలో డెస్పరేట్ డాన్, బీనోలో లార్డ్ స్నూటీ ఇద్దరూ డడ్లీ వాట్కిన్స్ చేతి సృష్టే. బొమ్మకు సంతకం పెట్టుకునే వీలు థామ్సన్ సంస్థలో దాదాపు ఎవరికీ ఉండేది కాదు. వాట్కిన్స్ ఆ కొద్దిమందిలో ఒకడు. 1969లో ఆయన బొమ్మ గీసే బల్ల దగ్గరే కన్నుమూశాడు.

చాలామంది గమనించని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. స్కాట్లండ్‌లో 1958 దాకా క్రిస్మస్ ప్రభుత్వ సెలవు దినమే కాదు. ప్రెస్బిటేరియన్ చర్చి ఆ పండగను శతాబ్దాలపాటు దూరం పెట్టింది. అక్కడివారి అసలు సంబరం 'హాగ్మనే' అని పిలిచే సంవత్సరాంతపు రాత్రి. అంటే డిసెంబరు 25న మామూలుగా పనిలోకి వెళ్లే ఊళ్లోనే దేశంలోని పిల్లలందరి క్రిస్మస్ బొమ్మ తయారైంది. గీసేవారి కిటికీ బయట ఉన్న పండగ కాదది. మనసులో కట్టుకున్న పండగ. అందుకే దానిలో లోటు లేదు.

మంచు సంగతీ అంతే. కామిక్స్‌లో క్రిస్మస్ నాడు మంచు కురవని ఇల్లు లేదు. నిజానికి 1960 తర్వాతి యాభై ఏళ్లలో క్రిస్మస్ రోజున దేశంలో విస్తారంగా నేల మీద మంచు పరుచుకున్నవి 1981, 1995, 2009, 2010 మాత్రమే. వాన తుంపరలో తడుస్తూ తెచ్చుకున్న పత్రికలో పిల్లవాడు మంచు బొమ్మలు చూసి, అదే తన బాల్యమని గుర్తుంచుకున్నాడు.

బంగాళాదుంపల గుట్ట

కథ చివరి గడిలో విందు ఉండటం ఈ కామిక్స్‌కు ఆనవాయితీ. పళ్లెంలో మెదిపిన బంగాళాదుంపలు కొండలా పేర్చి ఉంటాయి. ఆ కొండలోంచి అన్ని వైపులకూ సాసేజ్‌లు పొడుచుకొచ్చి ఉంటాయి. పక్కన గుండ్రటి బంతిలాంటి క్రిస్మస్ పుడ్డింగ్, నెత్తిన హాలీ రెమ్మ. అన్నిటి మీదా ఆవిరి గీతలు. డెస్పరేట్ డాన్‌కైతే 'కౌ పై', అంటే కొమ్ములూ తోకా బయటికి కనిపించేలా ఆవునే పిండి మూత కింద పెట్టి కాల్చిన వంటకం.

ఈ బొమ్మను నవ్వించడానికి పెంచి గీసిన అతిశయోక్తి అనుకుని వదిలేయకూడదు. 1940 జనవరిలో బ్రిటన్‌లో ఆహార రేషన్ మొదలైంది. యుద్ధం 1945లో ముగిసినా మిఠాయిల మీద రేషన్ 1953 ఫిబ్రవరిలో, మాంసం మీద 1954 జూలైలో గాని పోలేదు. తమ వంతు మాంసం కోసం అమ్మ కూపన్ పుస్తకం పట్టుకుని వరుసలో నిలబడితే, పిల్లలు ఇంట్లో కూర్చుని ఆ సాసేజ్‌ల కొండను చూశారు. ఆ పళ్లెం వాళ్ల కోరిక. నాకు ఈ వ్యాస విషయం మొత్తంలో మనసును పట్టే బొమ్మ ఇదే. ఆకలి పోయాక కూడా గీసేవాళ్లు దాన్ని మార్చలేదు. 1970ల్లో, 80ల్లో కడుపునిండా తిన్న పిల్లలకూ అదే కొండ, అవే సాసేజ్‌లు. పొడవాటి టోపీ పెట్టుకున్న లార్డ్ స్నూటీ, నల్ల గౌను వేసుకున్న పంతులు కూడా అలాగే, బయట లోకంలో మాయమైన తర్వాతా ఆ పుటల్లో నిలిచిపోయారు. అప్పటి పిల్లలు తాము చూడని కాలం మీద కూడా మమకారం పెంచుకున్నది వాటివల్లే.

కొరత కాగితానికీ వచ్చింది. 1941 నుంచి 1949 దాకా డాండీ ఒక వారం, బీనో ఇంకో వారం వచ్చేవి. కాగితం దొరికాక పాఠకులు విరగబడ్డారు. 1950లో బీనో వారానికి దాదాపు 20 లక్షల ప్రతులు అమ్ముడైంది. 1951లో డేవిడ్ లా గీసిన డెన్నిస్ ద మెనేస్, 1953లో లియో బాక్సెండేల్ మిన్నీ ద మింక్స్ వచ్చారు. తర్వాతి ఏడాది మొదలైన బడిపిల్లల మూకకు 1956లో 'బ్యాష్ స్ట్రీట్ కిడ్స్' అని పేరు మారింది. ఏడాదంతా దెబ్బలతో ముగిసే వీళ్ల కథలు క్రిస్మస్ వారం మాత్రం కానుకతోనో విందుతోనో ముగియడం మామూలు. ఆ ఒక్క వారం దొరికిన క్షమ పిల్లలకు బాగా గుర్తుండిపోయింది.

యాన్యువల్

పాత యాన్యువల్ ఒకటి చేతిలోకి తీసుకుంటే ఈ బెంగ ఎలాంటిదో అర్థమవుతుంది. అట్ట మూలలు మెత్తబడి, వీపు దగ్గర కాగితం చిరిగి ఉంటుంది. తెరవగానే లోపలి పుటలో మూల ముక్క కత్తిరించి ఉంటుంది. అక్కడ ధర ఉండేది, కానుక కాబట్టి ఇచ్చినవాళ్లు కత్తెరతో తీసేశారు. దాని కింద నీలం సిరాతో పిల్లవాడి పేరు, క్రిస్మస్ శుభాకాంక్షలు, ఏ అత్తయ్యో అమ్మమ్మో చేసిన సంతకం. రాతలున్న ప్రతికి సేకర్తలు ధర తగ్గిస్తారు. నా దృష్టిలో ఆ పుస్తకానికి ప్రాణం ఆ రాతే.

డాండీ తొలి యాన్యువల్ 1938లో, బీనోది 1939లో వచ్చాయి. శరదృతువులో దుకాణాలకు చేరేవి, పేరుకు మాత్రం వచ్చే ఏడాదివి. 1960ల మధ్యదాకా ఈ రెంటి అట్ట మీద సంవత్సరమే వేసేవారు కాదు. థామ్సన్ వారి 'సండే పోస్ట్' పత్రికలోని 'ద బ్రూన్స్', 'ఊర్ వుల్లీ' అనే బొమ్మల కథల యాన్యువల్స్ ఒక ఏడాది విడిచి ఒక ఏడాది వంతులవారీగా రావడం అలవాటైంది. చాలా స్కాటిష్ ఇళ్లలో అవి తాత, కొడుకు, మనవడు ఒకరి తర్వాత ఒకరు చదివే పుస్తకాలు.

1987లో డాండీ, బీనోల అర్ధశతాబ్ది సందర్భంగా పాత పుటలతో పెద్ద పుస్తకం తెచ్చారు. ఆ తరవాతి సంవత్సరాల్లోనూ ఆ వరుసలో మరికొన్ని వచ్చాయి. అవి పిల్లల కోసం కాదు, ఒకప్పటి పిల్లల కోసం. 2004లో డాండీ మొదటి సంచిక, దానితో ఉచితంగా ఇచ్చిన ఈలతో సహా, వేలంలో 20,350 పౌండ్లు పలికింది.

చివరి సంచికలు

లండన్ ప్రచురణకర్తలు కూడా పోటీగా 'బస్టర్' (1960), 'విజర్ అండ్ చిప్స్' (1969), 'కోర్!!' (1970) వంటివి నడిపారు. అమ్మకం తగ్గిన పత్రికను ఇంకోదానిలో కలిపేయడం వాళ్ల పద్ధతి. అలా ఎన్నిటినో తనలో కలుపుకున్న బస్టర్ 2000 జనవరి 4 తేదీ వేసిన సంచికతో ఆగిపోయింది. డాండీ అచ్చు ప్రతి తన 75వ పుట్టినరోజున, 2012 డిసెంబరు 4న ముగిసింది. ఇంటర్నెట్‌లో కొనసాగించిన రూపం మరుసటి ఏడాదికే నిలిచిపోయింది. బీనో వారపత్రిక ఇప్పటికీ వస్తోంది. 2019 ఆగస్టులో దాని 4000వ సంచిక వెలువడింది.

డాండీ యాన్యువల్ మాత్రం ఆగలేదు. వెనక వారపత్రిక లేకపోయినా ఏటా శరదృతువులో దుకాణాలకు వస్తోంది. 2012 తర్వాత పుట్టిన పిల్లలకు డాండీ అంటే క్రిస్మస్ పుస్తకమే. అట్ట తెరిస్తే డెస్పరేట్ డాన్, గడ్డం మాసిన ఆ పెద్ద దవడతో, ఎదురుచూస్తూ ఉంటాడు.