పాలమూరు మంద కుక్క

2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు దేశీ జాతి కుక్కలతో బిళ్లలు వేసింది. హిమాలయ గొర్రెల కుక్కను పక్కన పెడితే మిగతా మూడూ దొరల వేటకుక్కలే: రాంపూర్ నవాబులది ఒకటి, ముధోల్ ఘోర్పడేలది ఒకటి, తమిళదేశానికి వలసపోయిన తెలుగు రాజుల పేరుతో ముడిపడిన రాజపాళయం ఒకటి. మక్తల్ నుంచి దేవరకొండ దాకా గొల్ల కుర్మల మందల వెంట తరతరాలుగా నడిచిన కుక్కకు మాత్రం తపాలా బిళ్లా లేదు, జాతి పేరూ లేదు. కోటలో పెరిగిన దానికి వంశావళి దక్కింది, చేలో కాపలా కాసింది ఊరకుక్కల లెక్కలో కలిసిపోయింది. ఇది అన్యాయమని నా వాదన. మంద కుక్కా ఒక జాతే; దాన్ని తీర్చిదిద్దింది రాజు కాదు, ఈ నేల మీది పని.

ఆ పని ఎట్లాంటిదో చూస్తే సంగతి తేలుతుంది. ఎర్ర చెల్కలు, రాతి గుట్టలు, నమ్మలేని వానలు ఉన్నచోట జీవాలే ఆస్తి. నల్ల దక్కనీ గొర్రె ఉన్నితో కుర్మలు గొంగళ్లు నేశారు. పంట కోసిన చేలల్లో రాత్రిపూట మంద నిలిపి, పెంటికల ఎరువుకు బదులు రైతు దగ్గర గింజలు తీసుకున్నారు. ఎండాకాలం మేత వెతుక్కుంటూ నల్లమల అంచులకు, కృష్ణ ఒడ్డుకు కదిలారు. గోడా కంచె లేని చేలో వందల గొర్రెలు పడుకుంటే, చీకట్లో వచ్చే తోడేలును కనిపెట్టడానికి కాపరి కళ్లు చాలవు. కుక్క మంద అంచున పడుకుంటుంది. అలికిడైతే లేచి మొరుగుతుంది, నాలుగడుగులు ముందుకు ఉరుకుతుంది, మళ్లీ మంద దగ్గరికే వస్తుంది. ఆ తిరిగి రావడంలోనే దాని విలువంతా ఉంది. తోడేలు వెంటపడి గుట్ట దాటిపోయే కుక్క ఎంత ధైర్యం గలదైనా మందకు పనికిరాదు, ఎందుకంటే రెండో తోడేలు ఇటు నుంచి వస్తుంది. వేటకుక్కలో మెచ్చుకునే గుణమే ఇక్కడ లోపం. ఒళ్లు సంగతీ అంతే. గట్క, మజ్జిగ తిని ఏప్రిల్ ఎండలో రోజంతా నడవాల్సిన జీవి హిమాలయాల కుక్కంత బరువు పెరిగితే బతకదు.

అయితే ఎవరూ జోడీలు చూసి కట్టించని దాన్ని జాతి అనవచ్చా అని అడుగుతారు. అమెరికాలో రేమండ్, లోర్నా కాపింజర్ దంపతులు 1970ల చివర్లో ఇటలీ, యుగోస్లావియా, టర్కీల నుంచి మంద కుక్కలను తెప్పించి ఏళ్ల తరబడి పరిశీలించారు. పసితనం నుంచి గొర్రెల మధ్య పెరిగిన కూన వాటినే తన గుంపనుకుంటుందని, అట్లాంటి జాతులను రూపుదిద్దింది వలస నడకలూ, పనికిరాని వాటిని కాపరులు ఏరేయడమూ అని వాళ్లు వాదించారు. పాలమూరు మందల్లో జరిగిందీ ఇదే. ఇక చరిత్రలో ఆధారమేదంటే, రాతి మీద వెతికితే మళ్లీ వేటకుక్కే దొరుకుతుంది. పదో శతాబ్దపు ఆతకూరు శాసనం అడవిపందితో పోరాడి చచ్చిన కాళి అనే కుక్కను తలుచుకుంటుంది. కాపరులకు శాసనం వేయించే స్తోమత లేదు. వాళ్లు తమ దేవుడైన మల్లన్న పక్కన కుక్కను నిలబెట్టారు; ఆయన క్షేత్రమైన కర్ణాటకలోని మైలారలో భక్తులు ఆ దేవుడి కుక్కలమని మొరిగి మొక్కు తీర్చుకునేవారు.

తోడేళ్లు తగ్గాయి కదా, ఇప్పుడీ కుక్క ఎందుకనే వాళ్లూ ఉన్నారు. తగ్గాయి కాబట్టే 1972 వన్యప్రాణి చట్టం వాటిని మొదటి షెడ్యూల్లో పెట్టింది. చంపకుండా అదిలించే కాపలా కావాలంటే కుక్కను మించింది లేదు. అయినా 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. కాపలా కుక్క ఆ లెక్కలో లేదు. అంతకంటే బలమైన అభ్యంతరం రోగాలది, దాన్ని కొట్టిపారేయలేం. పచ్చి తలకాయ తిన్న కుక్క కడుపులో పెరిగే బద్దెపురుగు గుడ్లు మేతతో పాటు గొర్రెలోకి పోతే, దాని మెదడులో నీటితిత్తి పుడుతుంది. గొర్రె మెడ వంచి ఒకే దిక్కుకు గిరగిరా తిరిగి చస్తుంది. దీనికి మందు కుక్కను వదిలించుకోవడం కాదు. కోసిన తలకాయలు, పేగులు కుక్కకు వేయకుండా పూడ్చాలి, మూడు నెలలకోసారి ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయాలి, ఏటా పిచ్చికుక్క రోగం టీకా ఇప్పించాలి. మందకు నట్టల మందు పోసే రోజునే పశువైద్యుడు కుక్క నోట్లోనూ ఆ మాత్ర వేయవచ్చు.