గ్రాఫిక్స్ కార్డు మార్పిడి తరువాత పాత కంప్యూటరులో లోపాల నిర్ధారణ

పాత డెస్క్‌టాప్ కంప్యూటరులో కొత్త గ్రాఫిక్స్ కార్డు అమర్చిన పిదప తెర వెలుగకపోవుట, యంత్రము మధ్యలో ఆగిపోవుట, బొమ్మ చెదిరిపోవుట వంటి లోపాలు తరచుగా కనిపిస్తాయి. వీటిలో చాలా భాగం కార్డు చెడిపోవుట వలన కాక, కొత్త కార్డుకూ పాత భాగాలకూ పొంతన కుదరకపోవుట వలన కలుగుతాయి. కారణము తెలుసుకొనకుండా మానిటరు, మదర్‌బోర్డు మార్చినచో ధనము వృథా అగుటయే గాక లోపము అట్లే మిగిలిపోతుంది.

తెలంగాణ రాష్ట్రము, కామారెడ్డి జిల్లా (2016 అక్టోబరు 11కు పూర్వము నిజామాబాదు జిల్లా) లోని బాన్సువాడ వంటి చిన్న పట్టణాలలో ఈ విషయము మరింత ముఖ్యమైనది. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి దూరపు విపణిలో కొన్న కార్డును తిరిగి ఇచ్చివేయుట సులభము కాదు.

స్లాటు

1997లో విపణిలోకి వచ్చిన ఏజీపీ స్లాటులో, 2004 నుండి ప్రచారములోకి వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు పట్టదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ తరాల మధ్య మాత్రము పొంతన ఉన్నది. కొత్త తరము కార్డు పాత స్లాటులో సాధారణముగా తక్కువ వేగముతో పని చేస్తుంది. అయితే పాత బయోస్ గల కొన్ని మదర్‌బోర్డులు కొత్త కార్డులను గుర్తించవు. అట్టి చోట తయారీదారు విడుదల చేసిన బయోస్ నవీకరణ ఉన్నదేమో చూడవలెను.

తెర వెలుగకపోవుట

ముందుగా మానిటరు తీగను మదర్‌బోర్డు నుండి తీసి కార్డుకు తగిలించితిరో లేదో చూడవలెను. అనేక కొత్త కార్డులకు వీజీఏ రంధ్రము లేదు. వాటిని పాత మానిటరుకు కలుపుటకు సంకేతమును మార్చగల కన్వర్టరు అవసరము. బీప్ శబ్దాలు కూడా కారణమును తెలుపుతాయి. అవార్డు బయోస్‌లో ఒక దీర్ఘ శబ్దము, రెండు హ్రస్వ శబ్దాలు వినవచ్చినచో దోషము వీడియో భాగములో ఉన్నట్లు అర్థము. ఏఎంఐ బయోస్‌లో ఎనిమిది హ్రస్వ శబ్దాలు ఇందుకు సూచన.

విద్యుత్తు

పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు గరిష్ఠముగా 75 వాట్లు ఇస్తుంది. అంతకు మించి కావలసిన కార్డుకు ఎస్ఎంపీఎస్ నుండి వేరుగా తీగ కలుపవలెను. 6 పిన్నుల తీగ మరొక 75 వాట్లు, 8 పిన్నుల తీగ 150 వాట్లు అందించగలవు.

పెట్టెపై ముద్రించిన మొత్తము వాట్ల కంటె 12 వోల్టుల వరుసలోని ఆంపియర్లు ముఖ్యము. ఉదాహరణకు ఆ వరుస 14 ఆంపియర్లైనచో లభించునది 168 వాట్లు మాత్రమే. ప్రాసెసరు 65 వాట్లు, కార్డు 120 వాట్లు వాడినచో మొత్తము 185 వాట్లగును. అట్టి యంత్రము ఖాళీగా ఉన్నప్పుడు బాగుగనే నడిచి, ఆట మొదలు కాగానే ఆగిపోతుంది.

యూపీఎస్‌ను కూడా పరిశీలించవలెను. 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్ల భారమును మోయును. మానిటరుతో కలిపి భారము హెచ్చినచో కరెంటు పోయిన క్షణముననే కంప్యూటరు ఆరిపోతుంది. వ్రాయుచున్న దస్త్రాలు పాడగు ప్రమాదము కలదు.

డ్రైవర్లు

పాత కార్డు డ్రైవరును తొలగించిన పిదపనే కొత్తది ఎక్కించుట మేలు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఎన్వీడియా 2018లో 390 శ్రేణి తరువాత 32 బిట్ల డ్రైవర్లను నిలిపివేసినది. కావున కార్డు కొనుటకు ముందే తమ నిర్వహణ వ్యవస్థకు డ్రైవరు లభించునో లేదో తెలుసుకొనవలెను.

నిర్ధారణ క్రమము

1. కంప్యూటరును ఆపి, గోడ ప్లగ్గు తీసి, కార్డును తిరిగి గట్టిగా అమర్చవలెను.
2. పాత కార్డు పెట్టి చూడవలెను. అది పని చేసినచో మదర్‌బోర్డు, మానిటరు చాలవరకు సక్రమముగా ఉన్నట్లే.
3. కొత్త కార్డును మరొక కంప్యూటరులో పరీక్షించవలెను. అక్కడ పని చేసినచో లోపము విద్యుత్తులోనో, బయోస్‌లోనో, డ్రైవరులోనో ఉంటుంది.
4. ఫ్యాన్లలో దుమ్ము, మదర్‌బోర్డుపై ఉబ్బిన కెపాసిటర్లు ఉన్నవేమో చూడవలెను.

హెచ్చరిక: ఎస్ఎంపీఎస్ పెట్టెను విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందలి కెపాసిటర్లలో ప్రాణాపాయము కలిగించు విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చును.

ఇవి కూడా చూడండి

మదర్‌బోర్డు
బయోస్
యూపీఎస్